నాన్నగారి ట్రాక్టరు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మా యింటికి వచ్చి, "ఈసారి మీరు మాట్లాడాలి, ఆ ట్రాక్టరు సంగతి చెప్పండి చాలు" అన్నప్పుడు మేము కొంచెం వెనకాడాము. ఈ వేదిక మీద చదువు గురించి, ఆరోగ్యం గురించి విజ్ఞులైనవారు మాట్లాడుతుంటారు. పాత ఇనుము గురించి మాట్లాడటానికి మేమెవరం? అయినా మా ఆపా, "వెళ్ళి చెప్పండి, అయితే అంతా చెప్పండి, సగం దాచి చెప్పేట్టయితే వద్దు" అన్నది. అంతా చెప్పాలనే వచ్చాము. మాట్లాడేది ఒకరే అయినా, మేమంటే మేమిద్దరం అన్నదమ్ములం అని తమరు గ్రహించాలి.

మా వూరు నరసరావుపేటకు ఎంతో దూరం లేదు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తర్వాత మా ప్రాంతంలో వ్యవసాయం ఎలా మారిందో పెద్దలకు విదితమే. అంతకు ముందు జొన్న, వరిగె, వానపడితే పంట. కుడికాలువ వచ్చాక నల్లరేగడిలో పత్తి, మిర్చి, కాలువ కింద పల్లపు చెక్కల్లో వరి. పని పెరిగింది, ఎద్దుల మీద భారం పడింది. మా నాన్నగారికి ఆరెకరాలు సొంతం, మరి కొంత కౌలు. 1979లో ఆయన బ్యాంకులో అప్పు తీసుకుని హెచ్.ఎం.టి. 2511 కొన్నారు. ఆ రోజుల్లో ట్రాక్టరు కావాలంటే పేరు రాయించుకుని వంతు కోసం కాచుకోవలసి వచ్చేది. మా వీధిలోకి అది వచ్చిన రోజు అమ్మీ దిష్టి తీసిందట. మేమిద్దరం అప్పుడు ఇంకా చిన్నపిల్లలం, మాకు గుర్తున్నది దాని మోత ఒక్కటే.

ఆ బండి గురించి నాలుగు మాటలు చెప్పాలి. హెచ్.ఎం.టి. వారు 1953లో బెంగుళూరులో యంత్రాలు చేసే యంత్రాల కోసం మొదలైన ప్రభుత్వ సంస్థ. తర్వాత గడియారాలు చేశారు. 1971లో హర్యానాలోని పింజోరులో, చెకొస్లొవేకియా దేశపు జెటార్ వారి సహకారంతో ట్రాక్టర్లు మొదలుపెట్టారు. మొదట చేసిన రకమే ఈ 2511. పాతిక గుర్రాల బలం, రెండే సిలిండర్లు. నాన్నగారి చేతికి గడియారమూ అదే పేరు, పొలంలో బండీ అదే పేరు. రెండూ ఆయన తరువాత కూడా పనిచేస్తాయని అనేవారు. గడియారం పనిచేసింది.

2012 వేసవిలో నాన్నగారు అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. ఆ ఏడాది పొలం కౌలుకిచ్చేశాం. పెద్దవాడు గుంటూరులో మందుల దుకాణంలో, చిన్నవాడు ఒక ప్రైవేటు బడిలో. ట్రాక్టరును యింటి వెనక వేపచెట్టు కింద పెట్టి, సైలెన్సరు గొట్టం మీద ఒక డాల్డా డబ్బా బోర్లించాం. నాన్నగారు ఎప్పుడూ చేసే పనే అది. నవంబరులో నీలం తుఫాను వానలు పడ్డాయి. డబ్బా ఎగిరి పక్కవాళ్ళ దొడ్లో పడింది. వాళ్ళ పిల్లలు దానిలో తులసి మొక్క పెట్టారు. మేము చూశాం కూడా. ఆ డబ్బా ఎక్కడిదో మాకు తట్టలేదు. ఒక రేకు డబ్బా లేకపోవడం వల్ల ఎంత పని పడిందో పదేళ్ళ తర్వాత తెలిసింది.

2022 సంక్రాంతి సెలవులకు యింటికి వచ్చినప్పుడు పాత ఇనుప వ్యాపారి ఒకాయన వచ్చాడు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరును కాలితో తన్ని, 48,000 ఇస్తానన్నాడు. మాకు అది బాగానే వుందనిపించింది. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాం. అమ్మీకి ఎనిమిదో వంతు 6,000. మిగిలిన 42,000లో ఆడపిల్లకు ఒక పాలు, మగపిల్లలకు రెండేసి పాళ్ళు. అంటే ఆపాకు 8,400, మాకు 16,800 చొప్పున. లెక్క ధర్మంగానే వుంది, ఎవరికీ అన్యాయం లేదు. ఫోను చేసి ఆపాకు చెప్పాం.

ఆపా అన్న మాట ఇది: "నా 8,400 నాకొద్దు. నా పాలు బండిలోనే వుండనివ్వండి. మీ పాళ్ళు మీరు కోసుకుని తీసుకుపోగలిగితే తీసుకుపోండి."

ట్రాక్టరును ముక్కలు కోసి పంచుకోలేం కదా! ఆపా కోపం బండి కోసం మాత్రమే కాదని మాకు తెలుసు. ఆమె పెనిమిటి పోయి ఆరేళ్ళయింది. ఇద్దరు పిల్లలు. అదే వూళ్ళో నాలుగెకరాలు కౌలు చేస్తూ, దున్నించడానికి బండివాళ్ళ వెంటపడి తిరుగుతోంది. అదను తప్పిన తర్వాత వచ్చి దున్నుతారు, డబ్బు మాత్రం అదనుకే కావాలి. ఒంటరి ఆడది కాబట్టి ఆమె చేను అందరికంటే చివర. ఇదంతా ఆమె మాకు ఎప్పుడూ చెప్పలేదు. మేము అడగనూ లేదు. అమ్మీ చెబితే ఆ రాత్రే తెలిసింది.

అప్పుడు ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాం.

ఆయన రిపేరు షాపు కాలువ కట్ట దాటాక రోడ్డు పక్కన. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు, నేలంతా నూనె తాగి నల్లబడిన మట్టి. బోర్డు లేదు, అవసరమూ లేదు. 1979లో మా బండికి మొదటి సర్వీసు చేసినప్పుడు ఆయన అప్పటి మేస్త్రీకి పానాలు అందించే కుర్రవాడు. ఇప్పుడు గడ్డం నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. బండి పేరు చెప్పగానే, "రెండు సిలిండర్ల బండా? అబ్బాజాన్‌ది? ఇంకా వుందా?" అని లేచి నిలబడ్డారు.

మర్నాడు వచ్చి చూశారు. ఇంజను బిగుసుకుపోయింది. ఫ్యాను బెల్టు పట్టుకుని లాగినా, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని నలుగురు వూపినా ఇసుమంత కదలదు. మేము, "ఇంకో ట్రాక్టరుకు గొలుసు కట్టి ఈడిస్తే తిరగదా?" అని అడిగాం. ఆయన మమ్మల్ని వైద్యుడు తెలివితక్కువ రోగిని చూసినట్టు చూశారు. "సైలెన్సరు లోంచి నీళ్ళు దిగాయి భాయీ. పిస్టను తుప్పుకి లైనరును పట్టుకుంది. బలవంతంగా ఈడిస్తే కనెక్టింగు రాడ్డు వంగుతుంది, లేదా బ్లాకు పగులుతుంది. అప్పుడు నేను చేసేదేమీ వుండదు, ఆ ఇనుపాయన్నే పిలుచుకోండి" అన్నారు.

ఇలాంటి పాత బండి ఎవరింట్లోనైనా వుంటే ఈ సంగతి గుర్తుంచుకోవలసింది. ముందు నాజిళ్ళు విప్పి, ఆ రంధ్రాల్లోంచి సిలిండర్లలోకి డీజిలు, కిరసనాయిలు కలిపి పోశారు. పోసి వదిలేశారు. రోజూ సాయంత్రం వచ్చి కొంచెం పోయడం, చక్రాన్ని ఒకసారి ముందుకు ఒకసారి వెనక్కు వూపి వెళ్ళిపోవడం. తొమ్మిదో రోజున ఒక వేలెడంత కదిలింది. ఆయన మొహంలో కనిపించిన సంతోషం మాకు అప్పుడు అర్థం కాలేదు. ఒక సిలిండరు వదిలింది, రెండోది వదల్లేదు.

బండిని ట్రక్కు మీద ఎక్కించి షాపుకు తరలించాం. అక్కడ పూర్తిగా విప్పారు. రెండో సిలిండరులో పిస్టనూ లైనరూ ఒకే ముద్దగా బయటికి వచ్చాయి. ఈ బండి ఇంజనుకు వున్న గొప్ప గుణం అక్కడే తెలిసింది. లైనర్లు బ్లాకులో భాగం కావు, విడిగా వుంటాయి. వాటి చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. పాడైతే లాగేసి కొత్తవి దింపుకోవచ్చు, బ్లాకు బోరింగు చేయించనక్కర్లేదు. అలాగే రెండు సిలిండర్లకు రెండు వేర్వేరు హెడ్లు. ఒక హెడ్డు పగిలి వుంది. అది ఒక్కటీ మారిస్తే సరిపోతుంది. చేసినవాళ్ళు పల్లెటూరి మేస్త్రీని మనసులో పెట్టుకుని చేశారా అనిపించింది.

అయితే సామాన్లు ఎక్కడ దొరకాలి? హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 అక్టోబరులో అనుమతి ఇచ్చింది. గడియారాల విభాగానిదీ అదే సంవత్సరం. కంపెనీ సామాను అనే మాట పోయింది. ఇక్కడ ఉస్తాద్‌కు తెలిసిన ఒక సంగతి మమ్మల్ని ఆదుకుంది. జెటార్ వారు ఆ వరసలో రెండు, మూడు, నాలుగు సిలిండర్ల బండ్లను చేసినప్పుడు, చాలా భాగాలు అన్నింటికీ ఒకటే వుండేట్టు రూపొందించారట. "మీ బండికి అన్నదమ్ములున్నారు, చచ్చిపోయిన అన్నదమ్ముల్ని వెతకాలి" అన్నారు. ఆయన ఫోను చేయని పాత సామాన్ల కొట్టు లేదు. గుంటూరు, విజయవాడ ఆటోనగర్‌లలో రెండు ఆదివారాలు తిరిగాం. చివరికి తుక్కు కింద పడివున్న ఒక మూడు సిలిండర్ల బండి నుంచి హెడ్డు దొరికింది. ఉస్తాద్ దాన్ని వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. మట్టికుండ కొనేటప్పుడు మా అమ్మీ విన్నట్టే. పగులు వుంటే మోత చచ్చిపోతుందట. మోత బాగానే వుంది. అయినా ఆయన చెవిని మాత్రమే నమ్మలేదు, లేతు షాపులో ప్రెషరు పెట్టించి చూశాకే డబ్బులిచ్చారు.

క్రాంకు షాఫ్టు మీద తుప్పు మచ్చలు పడ్డాయి. లేతు వాళ్ళు గ్రైండింగు చేసి, అరిగిన మేరకు మందం ఎక్కువున్న షెల్ బేరింగులు వేయమన్నారు. డీజిలు పంపు సంగతి ఉస్తాద్ ముట్టుకోలేదు. "నా చేతుల మురికి దానికి పడదు" అని నరసరావుపేటలో పంపు పని మాత్రమే చేసే షాపుకు పంపారు. అక్కడ మిషను మీద పెట్టి రెండు సిలిండర్లకూ సమానంగా డీజిలు పోతోందా అని కొలిచి సరిచేశారు. నాజిళ్ళను పరీక్షించేటప్పుడు మేము వున్నాం. పాతది కొట్టి చూపించారు, చుక్కలు కారాయి. కొత్తది కొట్టారు, అత్తరు చల్లినట్టు పొగమంచులా వచ్చింది. చుక్క కారితే పొగ, మంచులా చల్లితే బలం. అంత తేడా.

ఉస్తాద్ దగ్గర ఒక కుర్రవాడున్నాడు. పదహారేళ్ళు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. తండ్రి లేడు. పొద్దున్నే వచ్చి షాపు వూడ్చి, పానాలన్నీ నంబరు వరసన గోనెపట్టా మీద పేర్చేవాడు. మేము బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం, దుకాణంలో లెక్కలు చూసేవాళ్ళం. మాకు ఆ పిల్లవాడు పానాలు అందించేవాడిగానే కనిపించాడు. ఉస్తాద్ కూడా ఒకప్పుడు పానాలు అందించినవారేనన్న సంగతి మా బుర్రకు ఎక్కలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆపా చెప్పమన్న భాగం.

రంజాన్ నెల వచ్చింది. పండుగ మే 3న. పండుగ నాటికి బండి యింటికి రావాలని మాకు పట్టుదల. అమ్మీకి మాట ఇచ్చాం, బంధువులకు చెప్పుకున్నాం. రోజూ షాపుకు వెళ్ళి ఉస్తాద్‌ను తొందరపెట్టాం. ఆయన రోజా వుండి, ఆ ఎండలో రేకుల కింద పనిచేస్తున్నారు. లైనర్లు దింపే రోజు. లైనరు కింది భాగంలో రబ్బరు రింగులు వుంటాయి. నీళ్ళు కిందికి, అంటే ఆయిలు వుండే ఛాంబరులోకి దిగకుండా ఆపేవి అవే. మొదటి లైనరును ఉస్తాద్ రింగులకు సబ్బు నురుగు రాసి, రెండు చేతులతో నెమ్మదిగా అదుముతూ దింపారు. సుత్తి తాకించలేదు. రెండోది సిద్ధం చేసి, జొహర్ నమాజు వేళ కాగానే, "నేను వచ్చేదాకా ముట్టుకోకండి" అని కుర్రవాడికీ మాకూ చెప్పి మసీదుకు వెళ్ళారు.

మేము ఆగలేదు. చూశాం కదా, అదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాం. లైనరును బ్లాకులో పెట్టి అదిమాం. సగందాకా దిగి పట్టేసింది. కుర్రవాడు, "ఉస్తాద్ వచ్చేదాకా ఆగండి సార్" అన్నాడు. వాడికేం తెలుసనుకున్నాం. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాం. దిగిపోయింది. సుత్తి మా ఇద్దరిలో ఎవరి చేతిలో వుందన్నది మేము చెప్పుకోదలచలేదు. ఇద్దరం అక్కడే వున్నాం. ఉస్తాద్ వచ్చి చూసి, "ఎవరు దింపారు?" అనలేదు. బహుశా కుర్రవాడు తాను చూపించినట్టే దింపాడని అనుకున్నారు. మేమూ అలాగే అనుకోనిచ్చాం.

ఆయన పద్ధతి ఏమిటంటే, ఛాంబరు బిగించకముందే నీళ్ళు పోసి ఒక రాత్రి వుంచి, కింద బట్ట పరచి చుక్క పడిందేమో చూస్తారు. ఆ రాత్రి కూడా వద్దన్నాం. పండుగ నాలుగు రోజుల్లోకి వచ్చింది. మొహమాటానికి ఒప్పుకున్నారు.

బండి స్టార్టయింది. సెల్ఫు కొట్టగానే రెండు మూడుసార్లు తెల్లటి పొగ, తర్వాత ఆ మోత. డగ్గు డగ్గుమని, రెండు సిలిండర్ల మోత. పదేళ్ళ తర్వాత. మాకు కళ్ళ నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. గంటసేపు నడిచింది. మర్నాడు ఉదయం ఉస్తాద్ ఆయిలు పుల్ల తీసి చూస్తే, ఆయిలు మజ్జిగలా తెల్లగా వుంది. నీళ్ళు కలిశాయి.

ఆయన ఏమీ మాట్లాడకుండా ఇంజను మళ్ళీ విప్పారు. రెండో లైనరు తీస్తే రబ్బరు రింగు ఒకచోట తెగి వుంది. ఆయనకు వెంటనే అర్థమైంది. కుర్రవాడి వైపు తిరిగి, "సుత్తి వేశావా?" అని చెంప మీద కొట్టారు. ఆ పిల్లవాడు మావైపు ఒకసారి చూశాడు. నోరు విప్పలేదు. మేమూ విప్పలేదు.

అయ్యా, రోజా వుండి అబద్ధం చెప్పకూడదని చిన్నప్పుడు నేర్చుకున్నాం. మేము అబద్ధం చెప్పలేదు, మాట్లాడలేదంతే. ఆ తేడాతోనే మూడు రోజులు గడిపాం. పండుగ రోజు ఈద్గాలో నమాజు అయ్యాక ఆలింగనాలు చేసుకుంటున్నాం. ఉస్తాద్ వచ్చి మమ్మల్ని కౌగలించుకుని, "పండుగకు బండి యివ్వలేకపోయాను, నా పిల్లవాడి తప్పు, మాఫ్ చేయండి" అన్నారు. ఆ మాట వినలేకపోయాం. అక్కడే, ఆ గుంపులోనే, జరిగింది చెప్పేశాం.

ఉస్తాద్ మమ్మల్ని ఒక్కమాట అనలేదు. అంటే బాగుండును. అక్కడ నుంచి నేరుగా ఆ కుర్రవాడు ఎక్కడున్నాడో వెతుక్కుంటూ వెళ్ళి, అందరి ఎదుటా వాడి రెండు చేతులూ పట్టుకున్నారు. ఏమన్నారో మాకు వినపడలేదు. వాడు తల వంచుకుని నవ్వుతున్నాడు. మేము వెళ్ళి క్షమించమన్నప్పుడు మాత్రం, "పర్లేదు సార్" అన్నాడు, మా మొహం చూడకుండా.

మళ్ళీ చేసిన పనికి ఉస్తాద్ కూలి తీసుకోనన్నారు. "చూడకుండా బిగించింది నేనే కదా" అన్నారు. బలవంతంగా ఇచ్చాం. ఈసారి రెండో లైనరును ఆ కుర్రవాడి చేతనే దింపించారు. మేము దూరంగా బల్ల మీద కూర్చున్నాం. లైనరు పై అంచు బ్లాకు కంటే ఒక పిసరు పైకి నిలవాలి, అప్పుడే హెడ్డు ప్యాకింగు గట్టిగా పట్టుకుంటుందని చెబుతూ, ఆ పిసరును వేలి గోటితో వాడికి చూపించారు, తర్వాత కొలిచి చూపించారు. నీళ్ళు పోసి ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు వుంచారు. కింద పరచిన బట్ట పొడిగానే వుంది.

జూన్ రెండో వారంలో, తొలకరికి ముందు, బండి యింటికి వచ్చింది.

డబ్బు విషయం కూడా చెప్పాలి. చాలామంది అడుగుతున్నారు. ఇంజను సామాన్లు 38,500. లేతు పని 9,000. పంపు, నాజిళ్ళు 16,500. రేడియేటరు, గొట్టాలు 4,500. క్లచ్ ప్లేటు 7,500. వెనక టైర్లు రెండూ పాతవే కొన్నాం, అయినా 22,000. ముందువి 7,000. బ్యాటరీ, సెల్ఫు, వైరింగు 11,500. రేకు పని, రంగు 6,500. ఉస్తాద్ కూలి 25,000. మొత్తం 1,48,000. మొదట ఆయన చెప్పిన అంచనా 90,000. ఆయన మోసం చేశారని కాదు, విప్పేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మధ్యలో డబ్బు అయిపోయి పని నెలరోజులు ఆగితే, ఆపా మిర్చి అమ్మిన డబ్బు 30,000 పంపింది. ఆమె పాలు 8,400 అని మేము వేసిన లెక్క ఎక్కడ, ఆ 30,000 ఎక్కడ?

ఈ డబ్బుకు ఇంకొంచెం కలిపితే ఇంతకంటే కొత్త బండి, ఎక్కువ బలమున్నది, చేతులు మారినది దొరికేదని కొందరు మిత్రులు అంటున్నారు. నిజమే. లాభం కోసమే అయితే ఇది చేయదగిన పని కాదు. పాతిక గుర్రాల బండి రోటావేటరును ఆ నల్లరేగడిలో సరిగా లాగలేదు. గొర్రు లాగుతుంది, ట్రక్కు లాగుతుంది, మందు కొట్టే పంపు తిప్పుతుంది. మా ఆపా నాలుగెకరాలకు, ఆమెలాగే వరసలో చివరన నిలబడే మరో నలుగురి చేలకు అది చాలు. డీజిలు ఖర్చు, కొంచెం అరుగుదల కింద తీసుకుని వాళ్ళకు దున్నిపెడుతున్నారు. అదనులో దున్నితే పంటలో ఎంత తేడా వస్తుందో రైతులకు చెప్పనక్కర్లేదు.

కాగితాల సంగతి కూడా కొంచెం వినండి, ఇది మీకు పనికొస్తుంది. బండి నాన్నగారి పేరున వుండిపోయింది. యజమాని చనిపోతే 30 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేసి, మూడు నెలల్లోగా వారసుల పేరుకు మార్చుకోవడానికి 31వ నంబరు ఫారం పెట్టాలి. మేము పదేళ్ళు ఆలస్యం. రిజిస్ట్రేషను గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది. సొంత వ్యవసాయానికి వాడే ట్రాక్టరుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, తర్వాత 25వ నంబరు ఫారం మీద అయిదేసి ఏళ్ళు. బండిని తనిఖీకి చూపించాలి, ఆలస్యానికి అపరాధ రుసుము కట్టాలి. మిగతా వారసులు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. మన యిళ్ళల్లో చనిపోయిన వాళ్ళ పేరునే బండ్లు నడుస్తుంటాయి. ఏదైనా ప్రమాదం జరిగిన నాడు భీమా వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే. దయచేసి అశ్రద్ధ చేయవద్దు.

ఫారం నింపేటప్పుడు ఎవరి పేరున రాయాలన్న ప్రశ్న వచ్చింది. మేము ఇద్దరం మా పేర్లే అనుకున్నామని ఒప్పుకోవాలి. చిన్నవాడు పెన్ను తీశాడు కూడా. అమ్మీ మంచం మీద నుంచే, "దున్నేది ఎవరు?" అని అడిగింది. మేము అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకాలు పెట్టాం. ఆర్.సి. ఆపా పేరున వచ్చింది. మా వూళ్ళో ఆడవాళ్ళ పేరు మీద ట్రాక్టరు వుండటం అదే మొదలేమో.

ఆ కుర్రవాడి మాట చెప్పి ముగిస్తాము. ట్రాక్టరు మెకానిక్ కోర్సు ఐ.టి.ఐ.లో ఒక సంవత్సరం. దానిలో చేరడానికి పదో తరగతి కావాలి. మా చిన్నవాడు వాడికి ఓపెన్ స్కూలులో పేరు రాయించి, ఆదివారాలు షాపుకు వెళ్ళి చదివిస్తున్నాడు. ఇది ఉపకారం కాదు, బాకీ. వాడు తెలుగు, సాంఘికం, సామాన్యం గట్టెక్కాడు. లెక్కలు, ఇంగ్లీషు మిగిలాయి. పిసరు ఎంతో వాడికి గోటితో తెలుసు, కాగితం మీద దశాంశం అంటే భయం. మన సంఘం ఏటా బడిపిల్లలకు పుస్తకాలు, ఫీజులు ఇస్తోంది. షాపుల్లో పనిచేస్తూ ఇలా పరీక్షలకు కట్టే పిల్లలు ఆ జాబితాలోకి రారు, ఎందుకంటే బడి నుంచి సర్టిఫికెట్టు తేలేరు. కార్యవర్గం వారు ఆ నిబంధనను ఒకసారి చూడవలసిందిగా మనవి. మా వూరి చుట్టుపక్కల షాపుల్లోనే అలాంటి వాళ్ళను ఏడుగురిని లెక్కపెట్టాం. పేర్లు, వయసులు రాసిన కాగితం అధ్యక్షులవారికి ఇస్తున్నాము.

ఉస్తాద్‌ను ఈ సభకు రమ్మని పిలిచాం. "మిర్చి కోతల ముందు షాపు మూయడం కుదరదు" అన్నారు. ఆయనకు ఇంకా నాలుగు వేలు బాకీ వున్నాం, అది కూడా కోతలయ్యాకే తీసుకుంటానన్నారు. సైలెన్సరు మీదికి కొత్త డబ్బా ఒకటి మాత్రం ఆయనే రేకు కత్తిరించి, కీలు పెట్టి, ఎగరకుండా చేసి ఇచ్చారు.

సెలవు. అస్సలాము అలైకుం.